ప్రైమరీ బడి బొమ్మల క్లాసుకి ఏ సామాను కొనాలి? పదివేలు చేతిలో ఉన్నాయి

కొత్త_ఎస్జీటీ (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. మాది మండల పరిషత్ బడి. మూడు నుంచి అయిదో తరగతి దాకా కలిపి నలభై మంది లోపు ఉంటారు. మా బళ్ళోనే చదువుకుని ఇప్పుడు ఖతార్‌లో పనిచేస్తున్న ఒకాయన పిల్లల బొమ్మల సామానుకని పదివేలు పంపించారు. "ఆటల కిట్లు ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారమ్మా, రంగులు ఎవరిస్తారు?" అన్నారు ఫోనులో.

హైస్కూల్లో అయితే డ్రాయింగు మాస్టారు ఉంటారు. మాకు అన్నీ మేమే. నాకొచ్చిందల్లా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. కొట్టుకెళ్తే 12 రంగులు, 24 రంగులు, 48 రంగులు, మైనం, ఆయిల్, వాటరు, మెరుపులు అని డబ్బా మీద డబ్బా దించుతున్నాడు. మీ క్లాసులో ఏది నిజంగా పనికొచ్చింది? ఏది డబ్బు దండగ? మా బీరువా సంగతి కూడా చెప్పాలి, వానాకాలం తలుపు తీస్తే బూజు వాసన. ఆ చెమ్మకి తట్టుకునేవి చెప్పండి.

సుద్దముక్క (రావులపాలెం)

కళ్ళు మూసుకుని ఆయిల్ పేస్టల్స్ కొనెయ్యండి టీచరుగారూ. నేను ప్రైవేటు స్కూల్లో ఒకటి నుంచి అయిదు వరకు చెప్తాను, ఏటా నా మొదటి ఖర్చు అదే. నీళ్ళక్కర్లేదు, కుంచెలక్కర్లేదు, ఒలికేదీ లేదు. మైనపు క్రేయాన్‌ అయితే పిల్లాడు పళ్ళు బిగించి రుద్దితే గానీ రంగు పడదు, రుద్దితే విరుగుతుంది. ఆయిల్ పేస్టల్‌లో మైనంతో పాటు ఎండిపోని నూనె ఉంటుంది కాబట్టి చిన్న చెయ్యి మెల్లగా ఆనించినా రంగు చిక్కగా దిగుతుంది. ఇవి పుట్టిందే బడిపిల్లల కోసం. 1925లో జపాన్‌లో సకురా కంపెనీ తెచ్చింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మే నెలలో మెత్తబడి పెట్టెకి అంటుకుంటాయి. బొమ్మ ఎప్పటికీ పూర్తిగా ఆరదు, ఒకదాని మీద ఒకటి పెడితే పైవాడి సముద్రం కిందవాడి ఆవు మీద అచ్చు పడుతుంది. మధ్యలో పాత పేపరు వేసి పెట్టండి.

డ్రాయింగుమాస్టారు_రిటైర్డు (పాలకొల్లు)

అమ్మా, అందరూ రంగుల దగ్గర మొదలెడతారు, నేను కాగితం దగ్గర మొదలెడతాను. బొమ్మ చెడిందంటే చాలాసార్లు తప్పు కాగితానిదే, పాపం తిట్లు మాత్రం పిల్లాడు తింటాడు. నోటుబుక్కు కాగితం 60 జీఎస్సెం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క), అటూ ఇటూగా. దాని మీద తడి కుంచె పెడితే అప్పడంలా లేస్తుంది. రెండోసారి రుద్దితే పొట్టు రేగుతుంది. డ్రాయింగు షీటు 140 జీఎస్సెం అడిగి తీసుకోండి. ఫుల్ షీటు 22 అంగుళాలు బై 30. ఒకవైపు సగానికి, రెండోవైపు నాలుగు మడతలు పెట్టి కోస్తే ఎనిమిది ముక్కలు, ఒక్కోటి పదకొండు బై ఏడున్నర. రోజువారీకి అది చాలు. నెలకోసారైనా సగం షీటు చేతికిచ్చి నేల మీద కూర్చోబెట్టండి. మన పిల్లలు మణికట్టుతో గీస్తారు. భుజం నుంచి చెయ్యి కదిలితే బొమ్మ తీరే మారిపోతుంది.

ఇక రంగులు. పోస్టరు రంగులే నా ఓటు. డబ్బా సెట్లు వద్దు, విడి సీసాలు, పెద్దవి కొనండి. లెమన్ ఎల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ నీలం, తెలుపు. తెలుపు రెండింతలు తీసుకోండి, ముందు అయిపోయేది అదే. ఎరుపులో స్కార్లెట్ మాత్రం వద్దు. దాన్ని నీలంలో కలిపితే ఇటుకబట్టీ పక్కన బురద రంగు వస్తుంది. క్రిమ్సన్ కలిపితే చక్కని వంకాయ రంగు. నలుపు అక్కర్లేదు. ఆకుపచ్చ అసలే కొనొద్దు.

కోనసీమలో ఉండి సీసాలో పచ్చరంగు కొనుక్కోవడం ఏమిటమ్మా! వరండాలో నిలబెట్టి అడిగేవాణ్ణి: "నారుమడి పచ్చా కొబ్బరాకు పచ్చా ఒకటేనట్రా?" "కాదండీ" అని అరిచేవారు. "అయితే కలుపు." నారుమడికి పసుపు గరిటెడు, నీలం పుల్ల కొసకి అంటినంత. అరటాకుకి నీలం ఇంకాస్త, పైన తెలుపు కొంచెం, ఆ పాలిపోయిన నిగారింపు తెలుపుతోనే వస్తుంది. కొబ్బరాకుకి నీలం బాగా పెంచి చివర్న క్రిమ్సన్ ఒక్క చుక్క. ఆ చుక్క పడగానే పచ్చలో మెరుపు అణిగి ముదురుతుంది. చెయ్యి జారి నాలుగు చుక్కలు పడితే ఎండుమట్ట రంగు. దాన్ని పారబొయ్యనిచ్చేవాణ్ణి కాదు, చెట్టుకి ఎండుమట్టలూ ఉంటాయిగా.

కుంచెల గురించి మళ్ళీ రాస్తాను, కళ్ళు లాగుతున్నాయి.

కాలవగట్టు (మండపేట దగ్గర)

మాస్టారికి దండాలు. నేను వేరే దారి చెప్తాను, కోప్పడకండి. ఈ పదివేలలో సగం దాచుకోండి. మన కాళ్ళ కింద ఉన్నది ఒండ్రుమట్టి, ఇంత మెత్తటి మట్టి అందరికీ దొరకదు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగున తేలే బంకమట్టిని రెండు బస్తాలు తెప్పించుకుంటే ఏడాది గడిచిపోతుంది. పెంకులూ గాజుముక్కలూ ఏరి, నానబెట్టి, పాత పంచెలోంచి వడగట్టి, పిండిలా మర్దించి తడిగోనె కప్పి ఉంచడమే. ఆరేటప్పుడు పగుళ్ళు రాకుండా కాస్త సన్న ఇసక కలపండి. ఊళ్ళో కుమ్మరి పెద్దాయన ఉంటే ఒక పూట పిలవండి. మా బళ్ళో ఆయన ముందు పిల్లలు కూర్చున్నంత బుద్ధిగా నా ముందు ఎప్పుడూ కూర్చోలేదు.

ఇక అరటి బోదె అడ్డకోత, బెండకాయ ముక్క, అచ్చులకి అంతకంటే ఏం కావాలి? బెండకాయకి అయిదు రేకులు, బోదెకి గూళ్ళు గూళ్ళుగా జల్లెడ. కొబ్బరిమట్ట కొస నానబెట్టి రాయితో చితక్కొడితే కుంచె.

రాజోలు_బావ

కొబ్బరి చిప్పల్ని రంగు గిన్నెలుగా వాడండి. డబ్బులు పెట్టి ప్లాస్టిక్ పాలెట్లు ఎందుకు.

సుద్దముక్క (రావులపాలెం)

వాడి చూశారా అండి? చిప్ప దొర్లిపోతుంది. నీలం నేలపాలు.

రాజోలు_బావ

ఎండుగడ్డితో చుట్టకుదురు చేసి దాని మీద పెట్టాలండి. కుండకి పెడతాం కదా, అదే.

ముమ్మిడివరం_నాన్న

కాలవగట్టు గారూ, ఒక మాట. మట్టి మంచిదే, కాదనను. కానీ ఆ డబ్బు పిల్లలకి రంగులు కొనమని వచ్చింది. మా అమ్మాయి గవర్నమెంటు బళ్ళో నాలుగు. మా అన్నయ్యగారి అమ్మాయి కాన్వెంటులో నాలుగు. ఆ పిల్లకి 48 రంగుల డబ్బా, మూత లోపల అద్దం కూడా ఉంటుంది. మా పిల్లకి బెండకాయ ముక్క. ఊరికే దొరికేది ఎప్పుడూ మా పిల్లల వంతే ఎందుకొస్తుందండి? ఫొటో తీస్తే ముచ్చటగా ఉంటుంది, "ప్రకృతి ఒడిలో చదువు" అని పేపర్లో వేస్తారు. సాయంత్రం మా పిల్ల వాళ్ళింటికెళ్ళి ఆ డబ్బా మూత తీసి వాసన చూసి పెట్టేసి వస్తుంది. ఒక్క రంగు కూడా తియ్యదు, అయిపోతుందని.

టీచరుగారూ, పిల్లకో డబ్బా, దాని మీద పేరు. మిగతావి తరవాత చూసుకోవచ్చు.

కాలవగట్టు (మండపేట దగ్గర)

మీ కోపం అర్థమైందండి. కానీ ఊరికే వస్తుందని నేను మట్టిని మెచ్చుకోలేదు. ఆ కాన్వెంటువాళ్ళే రంగుమట్టిని ప్యాకెట్లలో కొని పిల్లల చేత ముద్దలు చేయిస్తున్నారు. డబ్బిస్తే గొప్ప, గట్టు మీద దొరికితే లోకువా? రెండూ ఇవ్వమనండి, ఒప్పుకుంటాను. మట్టి మానెయ్యమంటే ఒప్పుకోను.

స్టేషనరీ_కొట్టు (తణుకు)

కౌంటరు మీద నుంచి రాస్తున్నాను, అమ్మేవాడి మాటలా ఉంటే క్షమించాలి. నాన్నగారు చెప్పిన పిల్లకో డబ్బా మంచిదే, కానీ 48 రంగులది వద్దు. అందులో పుల్లలు సన్నం, పెట్టె ఆర్భాటం ఎక్కువ. ఆ డబ్బుకి 12 రంగుల ఆయిల్ పేస్టల్స్ మంచి కంపెనీవి వస్తాయి. డోమ్స్, క్యామెల్, ఫేబర్ క్యాజిల్, ఏదైనా పర్వాలేదు, పుల్ల లావుగా ఉన్నది చూసుకోండి. బండి మీద దొరికే పేరు లేని డబ్బాలు మాత్రం వద్దు, అందులో సగం మైనమే, రంగు కాగితాన్ని అంటదు.

డ్రాయింగు షీట్లు "మందం ఉన్నవి" అని అడిగితే ఎవరైనా "ఇవేనండి" అంటారు. కట్ట రేపరు మీద జీఎస్సెం అచ్చు వేసి ఉంటుంది, అది చూడండి. ఒక షీటు మూల మీద నాలిక్కొసతో తడి పెట్టండి. వెంటనే వెనక మచ్చ తేలితే ఆ కట్ట పక్కన పెట్టెయ్యండి. పోస్టరు సీసా కొనేముందు తలకిందులు చెయ్యండి. లోపల రంగు కదలకపోతే పాత సరుకు. మూత తీస్తే పుల్లటి వాసన వచ్చినా అంతే. వీటిలో జిగురు ఉంటుంది, నీళ్ళుంటాయి, మన చెమ్మకి బూజు పట్టక ఏం చేస్తుంది? తడి కుంచె నేరుగా సీసాలో ముంచనివ్వకండి, ఈనెతోనో చెంచాతోనో తీసి గిన్నెలో వెయ్యండి. సీసా తెరిచాక లవంగనూనె ఒక్క చుక్క వేస్తే బూజు ఆలస్యంగా పడుతుంది.

జూన్ 12కి బడులు తెరుస్తారు కదా, ఆ వారం మాత్రం రాకండి. నోటుబుక్కుల జనం మధ్య నేనే ఏ రంగు ఇస్తున్నానో నాకు తెలీదు. బిల్లు బడి పేరు మీద తీసుకోండి, పంపినాయనకి చూపించడానికి ఉంటుంది.

లేసు_అక్కయ్య (నర్సాపురం)

మాస్టారూ నలుపు వద్దన్నారు, దానికి నేను ఒప్పుకోను. బాపు గారు పుట్టిన ఊరండి మాది. ఆ గీత చూపించాక పిల్లలు నలుపు అడక్కుండా ఉంటారా? ఇండియన్ ఇంకు సీసా ఒకటి, చీపురు ఈనెలు గుప్పెడు. ఈనె కొస ఏటవాలుగా చెక్కి ఇంకులో ముంచి గీస్తే సన్నం లావు తేడా వాళ్ళకే తెలుస్తుంది. ఒకసారి గీశాక చెరపడానికి లేదు కాబట్టి చెయ్యి పెట్టేముందు ఆలోచిస్తారు. చొక్కా మీద పడితే మాత్రం పోదు, నాన్నల చిరిగిన చొక్కాలు వెనక్కి తొడిగించండి.

ఇంకోటి. దారాలు. మా వైపు ఇంటింటా లేసు అల్లుతారు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లగా మిగిలిన దారం కొసలు, ఉన్ని ముక్కలు సంచీ నిండా ఇస్తారు, అడగడమే ఆలస్యం. గోనెపట్టా ముక్క, మొద్దు ముక్కు ఉన్న ఉన్ని సూది ఇస్తే చేప బొమ్మ కుట్టేస్తారు. మగపిల్లలు మొదట నవ్వుతారు, తరవాత వదలరు. వలలు అల్లే ఇళ్ళ పిల్లలకైతే ముడులు నేర్పక్కర్లేదు, వాళ్ళే నాకు రెండు నేర్పారు.

డ్రాయింగుమాస్టారు_రిటైర్డు (పాలకొల్లు)

లేసమ్మా, గీతకి నలుపు వేరు, కలపడానికి నలుపు వేరు. పిల్లాడికి నల్లసీసా ఇస్తే నీడ అనగానే నలుపు పూస్తాడు. జుట్టు నలుపు, కాకి నలుపు, రాత్రి నలుపు. నీలంలో ఎరుపూ కాస్త పసుపూ వేసి కలిపితే నలుపుకి దగ్గరగా వస్తుంది, కాకి రెక్క మీద నీలం నిగ్గు అందులోనే ఉంటుంది. ఇంకు సీసా గీతకి ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. పోస్టరు నలుపు మాత్రం నా మాట విని కొనకండి.

కుంచెలు: గుండ్రంవి 4, 8 నంబర్లు, చదునువి 12. సింథటిక్ తీసుకోండి, ఉడుత వెంట్రుకలవి వద్దు. అవి నీటిరంగులకి బాగుంటాయి గానీ చిక్కటి పోస్టరు రంగుకి చతికిలబడతాయి. నలభై కుంచెలు అక్కర్లేదు, జట్టుగా వాడుకుంటారు. కొనడం కంటే కాపాడటం ముఖ్యం. గ్లాసులో తల కిందికి పెట్టి వదిలేస్తారు, మర్నాటికి వెంట్రుకలు వంకరపోతాయి, ఇక అది కుంచె కాదు. నా క్లాసులో అయిపోగానే సబ్బు మీద రుద్ది, కడిగి, నోట్లో పెట్టుకోకుండా వేళ్ళతో మొన తీర్చి, పడుకోబెట్టి ఆరబెట్టేవాళ్ళు. కుంచెల లీడరు అని ఒకణ్ణి పెట్టేవాణ్ణి. క్లాసులో అందరికంటే అల్లరివాడికే ఆ పదవి.

రంగులమరక (కాకినాడ)

మా ఇంటికి రంగులేయించగా ఎనామిల్ డబ్బాలు మిగిలాయండి, పాతవి కూడా అటక మీద నాలుగైదు ఉన్నాయి. బడికి ఇచ్చేద్దామనుకుంటున్నా, గోడ మీద బొమ్మలకి పనికొస్తాయేమో. అంబాజీపేట టీచరుగారికి కావాలా?

స్టేషనరీ_కొట్టు (తణుకు)

పిల్లల చేతికి వద్దండి. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకి 90 పాళ్ళు దాటకూడదని 2016లో నిబంధన ఇచ్చారు, 2017 నవంబరు నుంచి అమలు. అంతకు ముందు నుంచీ అటక మీదున్న డబ్బా అయితే అందులో ఎంత సీసం ఉందో ఎవరికి తెలుసు? పసుపు, ఎరుపు, నారింజ ఎనామిళ్ళలో సీసం ఎక్కువ వాడేవారు. చిన్నపిల్లల మెదడుకి అది చాలా చెరుపు. కొత్త డబ్బా అయినా టర్పెంటైను పెట్టి చేతులు కడిగించాలి, ఆ బాధ ఎందుకు? గోడ బొమ్మ పెయింటరు చేత వేయించండి, పిల్లలు లేని సెలవురోజున.

రంగులమరక (కాకినాడ)

సరేనండి. అటక మీదే ఉంటాయి.

కడియం_మొక్క

మాది నర్సరీ ఇల్లు, నేను అయిదో తరగతికి చెప్తాను. ఎవరూ పూల సంగతి ఎత్తలేదేంటి? శంఖపుష్పం నీలంది కంచె మీద ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. పది పూలు వేడినీళ్ళలో నలిపితే నీలం దిగుతుంది. మూడు గిన్నెల్లో పొయ్యండి. ఒకదాన్లో నిమ్మరసం పిండితే ఊదా, ఇంకా పిండితే గులాబీ. ఇంకోదాన్లో వంటసోడా చిటికెడు వేస్తే పచ్చకి తిరుగుతుంది. మూడోది అలాగే ఉంచండి. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే పారాణి ఎరుపు, అది అమ్మమ్మలందరికీ తెలిసిందే. క్లాసు క్లాసంతా బల్ల చుట్టూ మూగుతుంది. సైన్సు పీరియడ్‌లో చేసినా ఎవరూ కాదనరు.

కాకపోతే ఇవి నిలిచే రంగులు కావు. ఎండ తగిలితే వారాల్లో వెలిసిపోతాయి, ముఖ్యంగా పసుపు. ప్రదర్శనకి పెట్టాల్సిన బొమ్మకి వాడొద్దు. ముమ్మిడివరం అన్నయ్యగారు చెప్పింది నాకు నచ్చింది, వీటిని కొన్న రంగులకి బదులుగా ఇవ్వకండి, కొన్న రంగులతో పాటు ఇవ్వండి.

సుద్దముక్క (రావులపాలెం)

జిగురు గురించి ఒక హెచ్చరిక. మా పెద్దవాళ్ళు మైదా ఉడికించి అందులో మైలుతుత్తం వేసేవారు, పురుగు పట్టదని. బైండింగు షాపులకి అది సరే, పిల్లలు వేలు నాకుతారు కాబట్టి బళ్ళో వద్దే వద్దు. ఉత్త మైదా జిగురు ఆ పూటకి ఆ పూట ఉడికించుకుని, మిగిలింది పారబొయ్యండి. ఫెవికాల్ పెద్ద డబ్బా ఒకటి కొని చిన్న మూతల్లో పోసి ఇస్తే పొదుపు. చేతికి సీసా ఇస్తే అరచేతికి పూసుకుని, ఆరాక తొక్క ఊడదీస్తూ కూర్చుంటారు. నిజం చెప్పాలంటే మేమూ అదే చేశాం.

క్రేయాన్లని మరీ తీసిపారేయకండి అని కూడా చెప్పాలి. తెల్ల క్రేయాన్ ఉందే, అది డబ్బాలో ఎవరూ ముట్టనిది. దాంతో తెల్లకాగితం మీద ముగ్గు వేయించి, పైన పల్చగా నీలం నీటిరంగు పూయించండి. మైనం తడిని పట్టదు కాబట్టి ముగ్గు తెల్లగా తేలుతుంది. ధనుర్మాసంలో చేయిస్తే క్లాసు గోడంతా సంక్రాంతే.

అమలాపురం_పంతులమ్మ

ముగ్గులంటే గుర్తొచ్చింది. కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జాతర) మీకు దగ్గరే కదా టీచరుగారూ. పండక్కి ముందు వారం వెదురు బద్దలు సన్నవి, గ్లేజు కాగితాలు, ఉన్ని దారం ఇచ్చి జట్టుకో చిన్న ప్రభ కట్టించండి. బద్దలు మీరే చీల్చి, ఉప్పుకాగితంతో రుద్ది ఇవ్వండి, చేతుల్లో పేళ్ళు దిగుతాయి. వెదురు వంచేటప్పుడు నీళ్ళలో నానబెట్టాలని పిల్లల నాన్నలు చెప్తారు. మాకు ఒకాయన వచ్చి పొద్దస్తమానం కూర్చుండిపోయాడు, పంపించలేకపోయాం.

కత్తెర్లు మొన లేనివి కొనండి. ఎడమచేతి వాటం పిల్లలకి వేరే కత్తెర ఉంటుందని చాలామందికి తెలీదు. ఒకటి రెండు తెప్పించుకోండి, "వీడికి కత్తిరించడం రాదు" అనుకున్న పిల్లాడు టకటకా కత్తిరించేస్తాడు.

డ్రాయింగుమాస్టారు_రిటైర్డు (పాలకొల్లు)

డబ్బు మిగిలితే ఖర్చు ఒకటి చెప్తాను, కొట్లో దొరకదు. పిల్లల్ని రాజమండ్రి దామెర్ల రామారావు చిత్రశాలకి తీసుకెళ్ళండి. 1897లో మన గోదావరి ఒడ్డున పుట్టి, బొంబాయి జేజే స్కూల్లో నేర్చుకుని, 1925లో ముప్పయ్యేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. అంత తక్కువ కాలంలో వేసిన బొమ్మలు. నీటిరంగు ఎంత పల్చగా పూస్తే ఒళ్ళు మెరుస్తుందో అచ్చు పుస్తకంలో తెలీదు, దగ్గర నిలబడి చూడాలి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన్ని కనిపెట్టి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజు గారూ ఆ దొర శిష్యులే. పిల్లలకి ఇంత చెప్పక్కర్లేదు. "ఈయన మన పక్క ఊరాయన" అంటే చాలు, కళ్ళు పెద్దవవుతాయి.

కొత్త_ఎస్జీటీ (అంబాజీపేట)

అబ్బ, ఇంతమంది ఇంత రాశారు! హెడ్మాస్టరు గారికి కూడా చదివి వినిపించాను. నిన్న తణుకు వెళ్ళి కొట్టాయన్ని కలిశాం. అనుకున్నవి ఇవీ: పిల్లకో 12 రంగుల ఆయిల్ పేస్టల్స్ డబ్బా, పేరు రాసి. దాని దగ్గర రాజీ పడలేదు. ముమ్మిడివరం నాన్నగారు రాసింది చదివాక మా సారు అదొక్కటే ముందు తెమ్మన్నారు. పోస్టరు రంగులు మూడు, తెలుపు రెండు, పెద్ద సీసాలు. 140 జీఎస్సెం షీట్లు కట్ట (నాలిక పెట్టి చూశాను, కొట్టాయన నవ్వారు). కుంచెలు, ఇంకు సీసా, జిగురు డబ్బా, కత్తెర్లు, అందులో ఎడమచేతివి రెండు. బట్టల క్లిప్పులు, ఇనప తీగ, బొమ్మలు ఆరేయడానికి.

పోస్టరు నలుపు కొనలేదు మాస్టారూ. మా సారు మాత్రం "కాకిని ఎలా వేస్తారో చూస్తాను" అంటున్నారు.

మట్టి సంగతి: కాలవలో ఇప్పుడు నీళ్ళున్నాయి కాబట్టి వేసవి దాకా ఆగాలి. ఈలోపు వినాయక చవితికి విగ్రహాలు చేసే ఆయన దగ్గర ఒక బస్తా అడిగాం, ఇస్తానన్నాడు. రాజమండ్రి ప్రయాణానికి బస్సు ఖర్చు ఇందులోంచి రాదు, తల్లిదండ్రుల మీటింగులో అడుగుతాం. ఒక సందేహం మిగిలింది. ఆ బూజు బీరువాలో షీట్లు ఎలా దాచాలి?

స్టేషనరీ_కొట్టు (తణుకు)

గోడకి ఆనించకండి, కింద రెండు చెక్కలు పెట్టి వాటి మీద పడుకోబెట్టండి. నిలబెడితే వంగిపోతాయి. పాలిథీన్ కవరులో వేసి మూతి కట్టి, లోపల ఎండబెట్టిన బియ్యం గుడ్డమూటలో వెయ్యండి. ఎండ కాసిన రోజున ఒకసారి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉంచండి. కలరా ఉండలు వద్దు, పిల్లలు బిళ్ళలనుకుంటారు.

సరుకంతా కట్టించి పెట్టానండి. మీరు కొన్న 8 నంబరు కుంచెల్లో రెండిటికి పిడి వదులుగా ఉంది, మార్చేశాను. ఆటోకి వెయ్యమంటారా, బస్సు పార్సిలా?

కొత్త_ఎస్జీటీ (అంబాజీపేట)

బస్సుకే వెయ్యండి బాబాయిగారూ. రావులపాలెంలో దింపితే మా సారు బండి మీద వచ్చి తీసుకుంటారు. షీట్ల కట్ట మాత్రం మడత పడకుండా అట్టల మధ్య పెట్టించండి.